గేటు దగ్గర మర్ఫా, వేదిక మీద జాజ్

ఈమధ్య ఒక సాయంత్రం హైటెక్ సిటీలో ఒక కంపెనీ వార్షికోత్సవానికి వెళ్ళవలసి వచ్చింది. గేటు దగ్గర అతిథులకు స్వాగతంగా ఎనిమిదిమంది మర్ఫా వాయిస్తున్నారు. లోపల వేదిక మీద నలుగురు యువకులు జాజ్, ఫంక్ వాయించారు. వేదిక మీదివాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పరిచయం చేశారు. గేటు దగ్గరివాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదు, నాతో సహా. నా వెంట వచ్చిన ఒక సాహిత్య విద్యార్థి, "ఇది అమెరికా నుంచి దిగుమతైన ధనికుల సంగీతం కదా సార్, దీనితో మనకేం పని?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఈ వ్యాసం.

మన విమర్శకు ఒక పాత అలవాటు వుంది. ఒక కళ ఎక్కడ వినబడుతున్నదో చూసి దాని వర్గాన్ని నిర్ణయించేస్తాం. కాని కళ పుట్టే చోటు వేరు, అమ్ముడుపోయే చోటు వేరు. ఈ రెండింటి మధ్య కళాకారుడి పేరుకూ, కూలికీ ఏమైందన్నదే అసలు ప్రశ్న.

జాజ్ పుట్టింది న్యూ ఆర్లీన్స్‌లో. 1817లో ఆ నగర పాలకులు బానిసలు ఆదివారం నాడు గుమిగూడటానికి ఒకే ఒక స్థలాన్ని కేటాయించారు. తరువాత కాంగో స్క్వేర్‌గా ప్రసిద్ధమైంది అదే. అక్కడి ఆఫ్రికన్ డోలు దెబ్బలు, పొలాల్లోని పనిపాటలు, చర్చి గీతాలు, సైనిక బ్యాండు వాయిద్యాలు కలిసి తరాల మీద జాజ్‌గా రూపొందాయి. మన నాట్లపాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టే అందులోనూ ఒక వాయిద్యం అడుగుతుంది, మరొకటి బదులిస్తుంది. దెబ్బ మనం ఎదురుచూసిన చోట పడక పక్కన పడుతుంది. ఆ తొట్రుపాటులాంటి నడకే దాని ప్రాణం. 1901లో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నతనంలో ఇంటింటికీ బొగ్గు చేరవేశాడు. బాల నేరస్థుల వసతిగృహంలో కార్నెట్ చేతబట్టాడు. అయితే 1917లో మొట్టమొదటి జాజ్ రికార్డు విడుదలైనప్పుడు దాన్ని వాయించింది తెల్లవాళ్ళ బృందం! పుట్టించినవాడొకడు, ముద్ర వేసుకున్నవాడు మరొకడు.

ఫంక్ చరిత్ర ఇంతకంటే కఠినమైనది. దక్షిణ కరోలినాలో పుట్టిన జేమ్స్ బ్రౌన్ పత్తి ఏరాడు, బూట్లు తుడిచాడు, జైలుకు వెళ్ళాడు. 1960ల మధ్యలో ఆయన గిటారునూ, బాకాలనూ కూడా డోళ్ళలాగే వాడి, ఆవర్తంలోని మొదటి దెబ్బ మీద మొత్తం బరువు మోపాడు. ఆయన దగ్గర డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, తాను పెరిగిన చాటనూగా పట్టణపు కర్మాగారాల, రైళ్ళ చప్పుడే తనకు లయ నేర్పిందని చెప్పుకున్నాడు. "ఫంకీ డ్రమ్మర్" అనే 1970 నాటి రికార్డులో అతను ఒంటరిగా వాయించిన కొద్ది సెకన్ల దరువును తరువాతి కాలంలో వెయ్యికి పైగా పాటల్లో కత్తిరించి అతికించుకున్నారు. రచయితగా నమోదైంది మాత్రం బ్రౌన్ పేరు. చట్టానికి పాట తెలుసు, బాణీ తెలుసు. దరువు వేసిన చెయ్యి తెలియదు. 2017లో చనిపోయేనాటికి స్టబుల్‌ఫీల్డ్‌కు తన దరువు మీద దక్కింది దాదాపు శూన్యం.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటను రోజూ వేలమంది దాటిపోతుంటారు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికన్ ఆశ్వికదళం. తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సైనికులూ, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులూ తమతో తెచ్చుకున్న లయ ఇక్కడ మర్ఫా అయింది. 1948 పోలీసు చర్య తరువాత నిజాం సైన్యం పోయింది, కొలువులూ పోయాయి. ఆనాడు దర్బారులో మోగిన మర్ఫా పెళ్ళి బారాత్‌లలో కూలి వాద్యంగా మిగిలింది. ఇవాళ బోనాల్లో, ఊరేగింపుల్లో మనందరి నోటా నలిగే 'తీన్మార్' మర్ఫావాళ్ళ దరువు పేరు కూడా. న్యూ ఆర్లీన్స్ చేరిన ఆఫ్రికన్లు ప్రధానంగా ఆ ఖండపు పడమటి, మధ్య ప్రాంతాలవాళ్ళు. కనుక మర్ఫా జాజ్‌కు తల్లి కాదు, బిడ్డా కాదు. రెండూ ఒకే ఖండం నుంచి, సొంత నేలకు దూరమైన మనుషుల చేతుల్లో వేర్వేరు తీరాలకు చేరిన లయలు. అంటే ఆ సాయంత్రం గేటు దగ్గరా, వేదిక మీదా మోగినవి దూరపు బంధువులే. ఒకరి గురించి ఒకరికి తెలియదు.

వేదిక మీది యువకులను నేను దూషించబోవటం లేదు. వాళ్ళలో ముగ్గురు పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. జీతం అక్కడ, జీవితం ఇక్కడ అని నవ్వారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ మాదాపూర్ బండల మధ్య పెరిగిన కొత్త మధ్యతరగతి, తనకొక సంగీతం కావాలనుకోవటం సహజం. తెలుగు జానపదాన్ని రెగేతో కలిపిన హైదరాబాద్ బృందం చౌరస్తాను ప్రత్యామ్నాయ సంగీతమన్నాం. దేనికి ప్రత్యామ్నాయం? సినిమా పాటకు. కరోనా కాలంలో, 2020లో, ఆ బృందం నుంచి వచ్చిన పాట జనం నోళ్ళలో పడింది. ఆ బృందపు గాయకుడు రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో పాడారు, 2022లో 'డీజే టిల్లు' శీర్షిక గీతానికి బాణీ కట్టారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. తెలుగులో సినిమా బయట పాటకు నిలకడైన బజారు లేనప్పుడు ప్రత్యామ్నాయం కూడా సినిమాకు నిచ్చెన కాక తప్పదు. అది వ్యక్తి బలహీనత కాదు, పునాదిలోని లోపం.

కనుక ఆ విద్యార్థికి నా జవాబు ఇది. ఈ సంగీతం ధనికులది కాదు, ధనికులు కొనుక్కున్నది. మన పని దాన్ని తిరస్కరించటమూ కాదు, ఆధునికమని అబ్బురపడటమూ కాదు. బొగ్గు మోసిన పిల్లవాణ్ణీ, కర్మాగారపు చప్పుడు విన్న డ్రమ్మరునూ, ఏసీ గార్డ్స్ మర్ఫా వాద్యకారుణ్ణీ ఒకే చరిత్రలో పేర్లతో సహా రాయటం. మన జానపద పరిశోధన పాటల మాటలను సేకరించింది, దరువులనూ దరువరులనూ చాలావరకు వదిలేసింది. యువ రచయితలు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఆ రాత్రి కార్యక్రమం ముగిసి నేను బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. పేర్లు అడగటానికి మళ్ళీ ఏసీ గార్డ్స్ దాకా వెళ్ళవలసివుంది.