పాత సీసపు గొట్టమునకు క్రొత్త తొట్టి

పూజ్యులైన గ్రామపెద్దలారా!

మన కర్నూలు, కడప సీమలలో బచ్చలి యనగా కడప నల్లబండలనో, బేతంచెర్ల నాపబండలనో పఱచి, గోడకు తూము విడిచిన తావు. ఆ తూమునీరు పెరటిలోని అరటిపాదునకు చేరెడిది. సీసపు గొట్టము మన పల్లెలకు అలవాటైనది కాదు. పాశ్చాత్యపద్ధతిని కట్టిన పాత బంగళాలలో అది కానవచ్చును. మన పిల్లలు పట్టణములో నట్టి యింటిని కొని, చేతులు కడుగుకొను పింగాణీ తొట్టిని అమర్పదలచినచో, మీ సలహానే యడుగుదురు. కావున నీ విషయమును మనవి చేయుచున్నాను.

సీసము మనకు క్రొత్త లోహము కాదు. శాతవాహనులు దానితో నాణెములు వేయించిరి. కడప జిల్లా జంగంరాజుపల్లె వద్ద సీసపు ఖనిజము కలదు. రోమనులు దానితో నీటిగొట్టములు చేసిరి. లాటిను భాషలో సీసమునకు ప్లంబమని పేరు. ప్లంబరు అను మాట దానినుండియే పుట్టినది. ఈ లోహము మెత్తనిది, సులభముగా వంగును, 327 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. ఈ సుగుణములతో పాటు విషగుణమును దానియందు కలదు. అది దేహమున చేరినచో పసిపిల్లల బుద్ధివికాసమునకు చెఱుపు. విట్రూవియసను రోమను శిల్పి రెండువేల యేండ్లకు పూర్వమే సీసపు గొట్టపు నీరు మంచిది కాదని వ్రాసెను. అమెరికాలో 1986లో త్రాగునీటికి క్రొత్తగా సీసపు గొట్టములు వేయుటను నిషేధించిరి.

కావున మొదట ఆ గొట్టము త్రాగునీటిదో, వాడిననీటిదో తెలిసికొనవలెను. త్రాగునీటిదైనచో తీసివేయింపుడు. వాడిననీటిదైనను మొత్తము మార్చుటయే ఉత్తమము. అది సాధ్యము కానిచో, చీలికలు లేని గొట్టమునకు తొట్టిని జోడింపవచ్చును.

గొట్టమును కోయునపుడు పిల్లలను దూరముగా నుంచవలెను. గరుకు కాగితముతో రుద్దరాదు, నిప్పుతో కాచరాదు. పొడిని తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పూర్వము పనివారు తగరమును సీసమును కలిపి కరగించి అతుకు వేసెడివారు. నేడు ఉక్కుపట్టీలు గల రబ్బరుజోడు చాలును. పాత సీసపు గొట్టముల వెలుపలి కొలత అన్నిటికి నొక్కటిగా నుండదు. కావున దారముతో చుట్టుకొలత తీసి, దానిని 3.14తో భాగించినచో వ్యాసము తెలియును. దానికి సరిపడు జోడును తెప్పింపుడు. పట్టీని మితిమీరి బిగించినచో మెత్తని సీసము నొక్కుకొనిపోవును. పచ్చి సిమెంటును గొట్టమునకు తగులనీయరాదు. దాని క్షారము సీసమును తినును.

తొట్టి క్రింద నొక వంపుగొట్టము ముఖ్యము. లండనులో అలెగ్జాండరు కమ్మింగు 1775లో మరుగుదొడ్డికి ఇట్టి వంపును చేర్చి హక్కుపత్రము పొందెను. వంపులో నిలిచిన నీరు మురుగుగాలిని ఇంటిలోనికి రానీయదు. పాత గొట్టముననే వంపున్నచో రెండవది వలదు. రెండు వంపుల నడుమ గాలి చిక్కి నీరు సాగదు.

మన సీమ యెండలకు, వాడని తొట్టివంపులోని నీరు ఇంకిపోవును. అప్పుడు దుర్గంధము వచ్చినచో అతుకును నిందింపక, ముందుగా చెంబెడు నీరు పోసి చూడుడు. ఊరికి పోయి వచ్చినపుడెల్ల ఇట్లు చేయుట మేలు. నీటి విలువ నెఱిగిన మన సీమలో ఆ చెంబెడు నీరు వృథా కాదు. అది ఇంటికి కావలి.

సెలవు.