మీకు వచ్చిన సైకిల్: ఎలా వాడాలి, ఏమేం చూసుకోవాలి

(విద్యార్థినులూ, ఇంట్లో పెద్దవాళ్లూ ఇద్దరూ చదవాలి. ఫోన్‌లో ఉంచుకోండి, వర్షాకాలం ముందు మళ్లీ ఒకసారి తెరవండి.)

ఈ సైకిల్ ఎందుకు ఇచ్చారు?

చాలా ఊళ్లలో బడి ఐదో తరగతితోనో ఏడో తరగతితోనో అయిపోతుంది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది. బస్సు బడి టైముకి రాదు, ఆటోకి రోజూ డబ్బులు పెట్టలేం. అమ్మాయిల చదువు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. బీహార్‌లో 2006లో హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ల అమ్మాయిలకు ఇచ్చిందీ ఇందుకే.

అంటే ఈ సైకిల్‌కి ఒక పని ఉంది: ఒక అమ్మాయిని, ఆమె పుస్తకాల సంచిని, రోజూ బడికి తీసుకెళ్లి క్షేమంగా ఇంటికి తేవడం. సైకిల్ మూలన పడినా, బ్రేకు పోయి దెబ్బ తగిలినా, వేరేవాళ్లు పట్టుకుపోయినా జరిగేది ఒకటే. మళ్లీ నడక మొదలవుతుంది, తర్వాత బడికి వెళ్లని రోజులు పెరుగుతాయి.

సంతకం పెట్టేముందు

సైకిళ్లు సాధారణంగా విడిభాగాలుగా వస్తాయి, ఫిట్టర్లు ఇక్కడ బిగిస్తారు. ఒకేసారి చాలా సైకిళ్లు బిగించాల్సి వచ్చినప్పుడు ఎక్కడో ఒక నట్టు వదులుగా మిగిలిపోవడం మామూలే. కొత్త సైకిల్ కదా, అన్నీ బాగానే ఉంటాయి అనుకోకండి. అక్కడే ఐదు నిమిషాలు చూసుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అడగడం మీ హక్కు.

ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని హ్యాండిల్‌ని పక్కకి తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బిగింపు సరిగా లేనట్టు. సీటుని కూడా అలాగే అటూ ఇటూ తిప్పి చూడండి. తర్వాత ఒక్కో చక్రాన్ని పైకి లేపి తిప్పండి. తేలిగ్గా తిరగాలి, పాములా వంకర్లు పోకూడదు, బ్రేకు రబ్బరుకి రాసుకోకూడదు. చక్రాన్ని పట్టుకుని పక్కలకి ఊపితే టకటకమని ఆడకూడదు. పెడళ్లు చేత్తో లాగి చూడండి. బెల్లు మోగుతుందో లేదో, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉందో లేదో చూడండి. ఏదైనా తేడా ఉంటే ఫిట్టర్ వెళ్లిపోకముందే హెచ్‌ఎం గారికి చెప్పి సరిచేయించుకోండి.

సీటు ఎత్తు కూడా అక్కడే పెట్టించుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లు నేలకి ఆనాలి. బాగా వచ్చినవాళ్లు కొంచెం ఎత్తు పెట్టుకోవచ్చు. కానీ సీటు కింది గొట్టం మీద ఒక గీత గానీ గుర్తు గానీ ఉంటుంది. అది బయటికి కనపడేంత పైకి లాగకూడదు. లాగితే లోపల పట్టు చాలక గొట్టం వంగుతుంది, లేదా ఊడి వస్తుంది.

ఇంకొక పని. ఫ్రేమ్ మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది, ఎక్కువగా పెడళ్ల ఇరుసు కింద గానీ సీటు గొట్టం మీద గానీ. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. సైకిల్ పోతే పోలీసు స్టేషన్‌లో ‘ఎర్ర సైకిల్ సార్’ అంటే సరిపోదు, అదే రంగు సైకిళ్లు మీ బడిలోనే బోలెడు ఉంటాయి.

బాగా నడిచిన రెండు మూడు వారాల తర్వాత ఒకసారి సైకిల్ షాపులో అన్ని నట్లూ బిగించుకోండి. కొత్తలో చువ్వలు సర్దుకుంటాయి, బ్రేకు తీగలు కొంచెం సాగుతాయి, పెడల్ కాడలు వదులవుతాయి. ఎడమ పెడల్ మర మామూలుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. అది తెలియక ఇంట్లో పానాతో బిగించబోయి మర పాడుచేసుకునేవాళ్లు చాలామంది, కాబట్టి ఆ పని షాపువాళ్లకే వదిలేయండి.

రోజూ పొద్దున ఒక్క నిమిషం

జడ వేసుకునే టైములో సగం కూడా పట్టదు. గాలి, బ్రేకు, చైను. ఈ మూడూ చూస్తే చాలు.

గాలి: టైరుని బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి పోతే గాలి కొట్టించాలి. ఎంత కొట్టాలో టైరు పక్కన రాసే ఉంటుంది. గాలి తక్కువగా ఉన్న టైరుతో గుంతలో పడితే ట్యూబు నలిగి చిరుగుతుంది, రిమ్ము వంగుతుంది. పంక్చర్ లేకుండానే రోజూ గాలి దిగుతుంటే వాల్వు దగ్గర ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. బుడగలు వస్తే లోపలి వాల్ ట్యూబ్ మార్చాలి. అది చాలా చవక.

రాయలసీమలో, పల్నాడులో, మెట్ట ప్రాంతాల్లో బాట పక్కన పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఎక్కువ. బడి దగ్గర సైకిల్ దిగగానే టైరుకి గుచ్చుకున్నవి ఏమైనా ఉన్నాయా అని చక్రం ఒకసారి తిప్పి చూస్తే, ముల్లు ఇంకా లోతుకి దిగకముందే తీసేయొచ్చు.

చైను: మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే అర అంగుళం దాకా ఆడొచ్చు. అంతకంటే వేలాడితే దారిలో ఊడిపోతుంది. వారానికో పదిరోజులకో ఒకసారి పొడిగుడ్డతో తుడిచి నాలుగైదు చుక్కలు కుట్టుమిషన్ ఆయిల్ వేయండి, పైన మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు. అది దుమ్ముతో కలిసి జిగురులా పట్టేస్తుంది. ఏ నూనైనా సరే రిమ్ముకీ బ్రేకు రబ్బర్లకీ తగలనివ్వకండి.

బ్రేకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతావి పాడైతే ఆలస్యమవుతుంది, ఇది పాడైతే ప్రాణం మీదికి వస్తుంది.

బ్రేకు పిడి పూర్తిగా నొక్కినా అది హ్యాండిల్‌కి ఆనకూడదు. మధ్యలో రెండు వేళ్ల సందు మిగలాలి. ఆనిపోతుంటే తీగ గానీ రాడ్డు గానీ వదులైనట్టు. ఇప్పుడు సైకిల్ పక్కన నిలబడి, వెనక బ్రేకు పట్టి ముందుకి తొయ్యండి. వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ రావాలి. అలాగే ముందు బ్రేకు పట్టి తొయ్యండి. ముందు చక్రం ఆగిపోవాలి. కుడిచేతి బ్రేకు సాధారణంగా ముందు చక్రానిది, మీదీ అంతేనా అని ఒకసారి చూసుకోండి. బ్రేకు రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకి తగిలితే టైరుని కోసేస్తుంది. రబ్బరు అరిగి ఇనుము బయటపడేదాకా ఆగొద్దు. ఆ జత ఖరీదు చాలా తక్కువ.

మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి, పెద్ద వేగమేమీ కాదు. ఆ వేగంలో సైకిల్ సెకనుకి 4 మీటర్లు పోతుంది. కుక్క అడ్డం రావడం చూసి మీ వేళ్లు బ్రేకు మీద పడేలోపే 4 మీటర్లు అయిపోతాయి. ఆగడం ఆ తర్వాతే మొదలవుతుంది. వానలో ఇంకా కష్టం. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది, బ్రేకు సగం కూడా పట్టదు. అందుకే వానలో మెల్లగా తొక్కుతూ, ఆగాల్సిన చోటుకి చాలా ముందు నుంచే బ్రేకుని కొద్దికొద్దిగా నొక్కి వదులుతూ రిమ్ము మీది తడిని తుడవాలి. పాడేరు, అరకు వైపు దిగుళ్లలో ఉండేవాళ్లు దిగుడు మొదట్లోనే వేగం తగ్గించుకోవాలి, మధ్యలో కాదు. రెండు బ్రేకులూ కలిపి పట్టండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే వెనక చక్రం లేచి ముందుకి పల్టీ కొడతారు. మరీ ఏటవాలుగా ఉంటే దిగి నడిపించుకు వెళ్లడమే మంచిది, దాన్ని నామోషీ అనుకోవద్దు.

బ్రేకు పని చేయని రోజు సైకిల్ ఇంట్లోనే ఉండాలి. ‘ఈ ఒక్క రోజుకి’ అని బయల్దేరొద్దు. ఆ రోజు నడిచి వెళ్లండి, లేదా ఇంటి దగ్గరే సైకిల్‌ని షాపుకి పంపండి.

వెనక ఎవరిని ఎక్కించుకోవచ్చు?

ఎవరినీ కాదు. ఇది ఒకరికే చేసిన సైకిల్.

ఇలా చెబితే చాలామందికి నచ్చదని తెలుసు. చెల్లిని ప్రాథమిక బడి దగ్గర దింపి తాను హైస్కూలుకి వెళ్లే అక్కలు ఎంతోమంది. కానీ చిన్నపిల్లల కాళ్లకి అయ్యే ఒక దెబ్బ గురించి పెద్దవాళ్లు తప్పక తెలుసుకోవాలి. వెనక క్యారియర్ మీద కూర్చున్న పాపకి కాళ్లు ఆనించడానికి చోటు ఉండదు. కాళ్లు వేలాడుతూ ఉంటాయి. ఒక్క కుదుపుకి మడమ తిరుగుతున్న చువ్వల్లోకి వెళ్తుంది. మడమ దగ్గర చర్మం ఊడొస్తుంది, ఒక్కోసారి ఎముక కూడా విరుగుతుంది. అక్కడి గాయం మానడానికి వారాలు పడుతుంది.

ఎవరి కాలైనా అలా ఇరుక్కుంటే బలంగా లాగొద్దు. పెడల్ ముందుకి తొక్కొద్దు. చక్రాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పి చూడండి. రాకపోతే చువ్వలు కత్తిరించాలి. సైకిల్ పోయినా పరవాలేదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీపొడి పెట్టొద్దు.

బరువుల సంగతీ అంతే. వెనక క్యారియర్ పుస్తకాల సంచి, టిఫిన్ క్యారేజీ లాంటివాటికి. బియ్యం బస్తా, గడ్డిమోపు, పాలక్యాన్లు కట్టడానికి పల్లెల్లో వాడే పెద్ద బరువు సైకిల్ వేరు, దాని ఫ్రేమ్ వేరు, చువ్వలు వేరు. అమ్మాయిల సైకిల్‌కి మధ్యలో పై గొట్టం ఉండదు, అంత బరువు దానికి పడదు. ఇంట్లో ఒకే సైకిల్ ఉంటే నాన్న పొలానికో అన్న సెంటర్‌కో తీసుకెళ్లడం సహజమే. కనీసం బరువు వేయొద్దు, బడి టైముకి సైకిల్ ఇంట్లో ఉండేట్టు చూడండి. అది అమ్మాయి పేరు మీద వచ్చింది.

బుట్ట ఉంటే తేలికైనవే పెట్టండి, హ్యాండిల్‌కి సంచులు తగిలించొద్దు. ఊగే సంచి ముందు చక్రంలో పడితే సైకిల్ ఉన్నచోటే ఆగుతుంది, మీరు ఆగరు.

చున్నీ గురించి ప్రత్యేకంగా

యూనిఫాం చున్నీ వెనక చక్రంలోకో చైన్లోకో వెళ్తే మెడకి బిగుసుకుంటుంది. బయల్దేరేముందు చున్నీని రెండు వైపులా నడుం దగ్గర ముడేసుకోండి. లేదంటే సంచిలో పెట్టుకుని బడి గేటు దగ్గర వేసుకోండి. చైను కవరు, వెనక చక్రానికి ఉన్న జాలీ ఊడిపోతే ‘చప్పుడు చేస్తోంది’ అని తీసి పారేయకండి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. లంగాఓణీ, పొడవైన పైజామా వేసుకున్న రోజు మరీ జాగ్రత్త.

రోడ్డు మీద

ఎడమ పక్కనే తొక్కాలి. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తుంటే కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే వెళ్లడం అలవాటైపోతుంది. వెనక లారీ వస్తే ఒకరి వెనక ఒకరు రావాలి. కుడికి తిరిగేముందు వెనక్కి చూసి చెయ్యి చాపండి. హైవే దాటాల్సి ఉంటే దిగి నడిపించుకుంటూ దాటండి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వెనక నుంచి వచ్చే బస్సు వినపడదు.

కోతల టైములో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, గుట్టల చుట్టూ రాళ్లు పెడతారు. వడ్ల మీద టైరు జారుతుంది, పక్కకి తిప్పితే రోడ్డు మధ్యలోకి వస్తారు. అక్కడ వేగం తగ్గించి, వెనక వాహనం ఉంటే దిగిపోండి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కాలువ గట్టు మీద వెళ్లేవాళ్లు వాన పడ్డాక గట్టు అంచు వదిలి మధ్యలో తొక్కండి, అంచు మట్టి విరిగిపోతుంది.

చలికాలంలో స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి పడుతుంది. రిఫ్లెక్టర్లు తుడిచి ఉంచండి. అది సొంతంగా వెలగదు, వచ్చే బండి లైటు పడితేనే మెరుస్తుంది. లైటు లేని బండ్లకి మీరు కనపడరు. అందుకే చిన్న టార్చిలైటు ముందు కట్టుకోండి, వెనక మడ్‌గార్డుకి ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి.

పడిపోయాక

మీకు దెబ్బ తగల్లేదని వెంటనే ఎక్కి వెళ్లిపోవద్దు. హ్యాండిల్ చక్రానికి తిన్నగా ఉందా, బ్రేకు పడుతోందా, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగిందా చూడండి. రిమ్ము వంకరైతే షాపులో బెండు తీస్తారు. చువ్వ విరిగితే వెంటనే వేయించండి, ఒకటి పోతే పక్కవాటి మీద బరువు పడి అవీ వరసగా పోతాయి. ఫోర్కు గానీ ఫ్రేమ్ గానీ పగిలితే మాత్రం వెల్డింగ్ పెట్టించి తొక్కొద్దు. ఆ అతుకు ఏ రోజు విడిపోతుందో తెలియదు. ఫోర్కు మార్పించాలి.

వేసవి సెలవుల్లో

సైకిల్‌ని రెండు నెలలు ఎండలో వదిలేస్తే టైర్లు పగుళ్లిస్తాయి. గాలి లేకుండా నిలబెడితే ట్యూబు మడత పడినచోట చిరుగుతుంది. తుడిచి, చైనుకి ఆయిల్ వేసి, గాలి కొట్టి నీడలో పెట్టండి. నెలకోసారి గాలి చూడండి. జూన్‌లో బడి తెరిచే రోజు పొద్దున కాదు, అంతకు వారం ముందే షాపులో చూపించండి. ఆ వారం సైకిల్ షాపుల దగ్గర వరసలు ఎలా ఉంటాయో మీకు తెలుసు.