మీకు తెలుసా? పేగులో గడ్డకు నెత్తురు తెచ్చిపెట్టడంలో దాని చుట్టుపక్కలకూ పాలుంది

పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి నెత్తురు కావాలి. ఆ నెత్తురు తెచ్చే నాళాలు గడ్డ ఒక్కదాని వల్లే రావు. పక్కనున్న మామూలు కణాలు, ఆక్సిజన్ కొరత, వాపు, పేగులోని సూక్ష్మజీవులు, మనం తినే తిండి, అన్నిటికీ ఇందులో పాలుంది. అందుకే విదేశీ ప్రయోగశాలల్లో మొదలయ్యే ఈ విశేషాలు సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ జొన్న చేల దాకా వస్తాయి.

1. క్యాన్సర్‌కు విత్తనం, నేల పోలిక 1889 నాటిదే

క్యాన్సర్ కొన్ని అవయవాలకే ఎక్కువగా ఎందుకు పాకుతుందని లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ ఆలోచించారు. విత్తనాలు గాలికి నలుదిక్కులా ఎగిరిపోయినా తమకు సరిపడే నేలలోనే మొలుస్తాయని, గడ్డ కణాల తీరూ అదేనని 1889లో రాశారు. విత్తనాన్ని మాత్రమే చూస్తే చాలదు, నేలనూ చూడాలన్నది ఆయన వాదన. యాసంగిలో నల్లరేగడి తేమ మీదే జొన్న, శనగ పండించే న్యాల్‌కల్ రైతులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

2. నెత్తురు అందకపోతే గడ్డ 2 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది

1960ల మొదట్లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో జుడా ఫోక్‌మన్ అనే యువ సర్జన్ ఒక ప్రయోగం చేశారు. శరీరం నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథిని ద్రవం ప్రవహించే ఏర్పాటుతో బతికించి, అందులో గడ్డ కణాలు పెట్టారు. గడ్డలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోయాయి. అవే గడ్డలను ఎలుక శరీరంలోకి మారిస్తే మళ్లీ పెరిగాయి. కొత్త రక్తనాళాలు రాకుండా ఆపితే గడ్డనూ ఆపవచ్చని ఆయన 1971లో ప్రతిపాదించారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

3. కుందేలు కంట్లో ఆ సంగతి కళ్లారా కనిపించింది

ఫోక్‌మన్ బృందం కుందేలు కంటి ముందు గదిలోని ద్రవంలో చిన్న గడ్డ ముక్కను ఉంచింది. రక్తనాళాలకు దూరంగా ఉన్నంతకాలం ఆ ముక్క బతికే ఉంది కానీ పెరగలేదు. అలాంటి ముక్కనే రక్తనాళాలు దండిగా ఉండే ఐరిస్‌కు, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు పొరకు ఆనించి పెడితే, కొద్దిరోజుల్లో దానిలోకి నాళాలు చొచ్చుకొచ్చాయి. రెండు వారాలు తిరిగేసరికి వేల రెట్లు పెరిగింది. కణాలు మారలేదు. మారింది చోటు మాత్రమే.

4. నాళాలను పిలిచేది ఆక్సిజన్ కొరత

దగ్గరి నాళం నుంచి ఆక్సిజన్ మిల్లీమీటరులో పదోవంతు, మహా అయితే రెండు పదోవంతుల దూరం వరకే అందుతుంది. అంతకంటే లోపలున్న కణాలకు అది చాలదు. అప్పుడు వాటిలో హిఫ్ అనే ప్రోటీన్ నిలదొక్కుకుని, వెజ్‌ఎఫ్ అనే సంకేతాన్ని తయారు చేయిస్తుంది. సమీపంలోని రక్తనాళాలు ఆ సంకేతం అందుకుని కొత్త కొమ్మలు వేస్తాయి. నెపోలియోనె ఫెరారా బృందం 1989లో వెజ్‌ఎఫ్ జన్యువును వేరుచేసింది. కణం ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడుతుందో తేల్చిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

5. ఆరోగ్యంగా ఉన్న కణాలూ ఆ పిలుపులో గొంతు కలుపుతాయి

అమెరికాలో రాకేశ్ జైన్, బ్రయన్ సీడ్ బృందాలు 1998లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించాయి. వెజ్‌ఎఫ్ జన్యువు పనిచేసిన చోటల్లా కణం ఆకుపచ్చగా వెలిగేలా ఎలుకలను తయారు చేసి, వాటిలో గడ్డలు నాటారు. పచ్చని వెలుగు గడ్డ కణాల నుంచి రావడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ ఏర్పాటు ఎలుక సొంత కణాల్లోనే ఉంది. అయినా గడ్డ చుట్టూ పచ్చటి అంచు కనిపించింది. అక్కడ వెలుగుతున్నవి ఫైబ్రోబ్లాస్టులు, అంటే గాయం మానడానికి సాయపడే మామూలు కణాలు. గడ్డ వాటిని తన పనికి మలుచుకుంది.

6. ఒకే పేగు క్యాన్సర్ కాలేయంలో ఒకలా, చర్మం కింద ఇంకోలా నాళాలు వేస్తుంది

పెద్దపేగు నుంచి వెళ్లే నెత్తురు ఎక్కువ భాగం ముందు కాలేయానికే చేరుతుంది. అందుకే ఈ క్యాన్సర్ పాకితే తరచుగా మొదట తగిలేది కాలేయమే. జైన్ బృందం 1997లో ఒకే రకం మనిషి పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎలుకల కాలేయంలోనూ, చర్మం కిందా పెంచి చూసింది. నాళాల తీరు, సంకేతాల మోతాదు రెండు చోట్లా వేరువేరుగా ఉన్నాయి. ఇంకో సంగతీ ఉంది. కాలేయానికి పాకిన గడ్డల్లో కొన్ని కొత్త నాళాల జోలికే వెళ్లకుండా కాలేయపు పాత నాళాలనే వాడుకుంటున్నాయి. నాళాలను ఆపే మందు కొందరికి పనిచేయకపోవడానికి ఇదొక కారణమని 2016లో తేలింది.

7. వాపు కూడా నాళాలను రప్పిస్తుంది

వాపు ఉన్నచోట కాక్స్-2 అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది. చాలా పెద్దపేగు గడ్డల్లోనూ అంతే. ఆ ఎంజైమ్ ఎక్కువున్న పేగు క్యాన్సర్ కణాలు నాళాల పెరుగుదలను ప్రేరేపిస్తాయని, ఆస్పిరిన్ వంటి మందులు దాన్ని తగ్గిస్తాయని 1998లో ప్రయోగశాలలో తేలింది. అలాగని ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టవద్దు. కడుపులో రక్తస్రావం తెచ్చే మందు అది. ఎవరికి ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

8. గడ్డ వేయించుకున్న నాళాలు మంచివి కావు

అవి వంకరటింకరగా ఉంటాయి, గోడల్లోంచి ద్రవం ఊరుతుంది. ఆ ద్రవంతో గడ్డ లోపల ఒత్తిడి పెరిగి, కీమోథెరపీ మందు కూడా సరిగా చొరబడదు. నాళాలు ఇలా ఊరడం చూసే పరిశోధకుడు హెరాల్డ్ ద్వోరాక్ 1986లో గడ్డలను మానని పుండ్లన్నారు. నాళాలను ఆపే మందు తగిన మోతాదులో ఇస్తే, మిగిలిన నాళాలు కొంతకాలం చక్కబడి ఇతర మందులను లోపలికి పోనిస్తాయని రాకేశ్ జైన్ 2001లో అన్నారు. 2004లో పురీషనాళ క్యాన్సర్ ఉన్న 6 మందిలో చూసినప్పుడు, మందు ఇచ్చాక గడ్డలో ఒత్తిడి నిజంగానే తగ్గింది.

9. ఈ వైద్యంలో మన భీమవరం బిడ్డ పాలూ ఉంది

వెజ్‌ఎఫ్‌ను పట్టి ఆపే బెవాసిజుమాబ్ మందును 813 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులతో పరీక్షించారు. అందరిదీ పాకిన క్యాన్సరే. కీమో మాత్రమే తీసుకున్నవారి మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 15.6 నెలలు, ఈ మందు కలిపినవారిది 20.3 నెలలు. ఆ ఫలితంతోనే 2004లో అమెరికా అనుమతి దొరికింది. ఆ కీమోలో ఒక భాగం ఫోలినిక్ ఆమ్లం. అది ఫోలిక్ ఆమ్లం కుటుంబానిదే. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలకు నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం నుంచి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు చికిత్స చేసింది బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో. తరువాతి కాలంలో ఫోక్‌మన్ పనిచేసిందీ అక్కడే.

10. ఆ మందు హైదరాబాద్ కంపెనీ చేతా తయారవుతోంది

హెటెరో సంస్థ 2016లో బెవాసిజుమాబ్‌ను పోలిన మందును (బయోసిమిలర్) మన దేశంలో విడుదల చేసింది. అయితే ఇది పాకిన క్యాన్సర్‌కే పనికొస్తుంది. గడ్డ తీసేశాక తిరిగి రాకుండా ఇస్తే ఉపయోగం లేదని పెద్ద పరీక్షల్లో తేలింది. ఆపరేషన్ గాయం మానడానికీ కొత్త నాళాలే కావాలి కనుక, ఆపరేషన్‌కూ ఈ మందుకూ మధ్య కనీసం 28 రోజుల ఎడం పాటిస్తారు.

11. జొన్న రొట్టె పేగులోని నేలను మారుస్తుంది

వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేతుల మధ్య తట్టి, పెనం మీద వేసి, పైన తడి అద్ది కాల్చిన జొన్న రొట్టె న్యాల్‌కల్ ఉన్న జహీరాబాద్ ప్రాంతపు పాత తిండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల పైచిలుకు. పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. పొట్టుతో ఉన్న శనగల్లో 25 గ్రాములుంది. ఈ పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. ప్రయోగశాలలో పెంచిన పేగు క్యాన్సర్ కణాల్లో బ్యూటిరేట్ వెజ్‌ఎఫ్‌ను తగ్గించింది. రొట్టె క్యాన్సర్‌ను నయం చేయదు. కానీ పీచు, ముడిధాన్యాలు తినేవారిలో ఈ జబ్బు ముప్పు తక్కువని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ధాన్యాల విత్తనాలను కాపాడి ఊరూరా ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర నడుపుతున్న జహీరాబాద్ ప్రాంత డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

12. మన చేతిలో దాదాపు పదేళ్ల వ్యవధి ఉంటుంది

పెద్దపేగులో చిన్న పిలక (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. ఆలోపు కొలనోస్కోపీలో, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చేసే పరీక్షలో దాన్ని తీసేస్తే అది క్యాన్సర్‌గా మారదు. అయితే మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు కనుక మన జాగ్రత్త మనమే పడాలి. మలంలో నెత్తురు పడినా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, ఊరికే రక్తం తగ్గి నీరసం వచ్చినా మొలలేలే అని సరిపెట్టుకోవద్దు. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలోనైనా చూపించుకోండి. అవసరమైతే పెద్ద వైద్యానికి హైదరాబాద్‌లో 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఈ సంగతి చెప్పుకోవడానికి మొహమాటపడతారు. కాబట్టి మనమే అడగాలి, మనమే వెంట తీసుకెళ్లాలి.