పంది రక్తం, గంజి చారలు

వరంగల్ కొత్తవాడలో గంజి గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మగ్గాల వాడ అది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలకు పుట్టిల్లు. నూలుకు పట్టించే గంజికీ పంది రక్తం మీద పరిశోధనకూ చుట్టరికం ఉందంటే మాత్రం అక్కడివాళ్లు కూడా నవ్వుతారేమో. కానీ ఉంది.

రక్తాన్ని గాజు గొట్టంలో కదపకుండా ఉంచితే గడ్డకడుతుంది, పైన లేత పసుపు ద్రవం తేరుకుంటుంది. అదే సీరం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పందిలో 100 మిల్లీలీటర్ల సీరానికి దాదాపు 6 నుంచి 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అందులో ఆల్బుమిన్ కాలేయంలో తయారై, నీరు రక్తనాళాల నుంచి బయటికి జారిపోకుండా ఆపుతుంది. మిగతావి గ్లోబ్యులిన్లు. ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్, రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు వీటిలోవే.

చిక్కల్లా వీటిని విడదీయడంలో వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నే టిసేలియస్ 1937లో కరెంటుతో ఆ పని సాధించి, 1948లో నోబెల్ అందుకున్నాడు. అయితే ఆయన యంత్రం భారీది, ఖరీదైనది. టొరంటోలో పనిచేస్తున్న ఆలివర్ స్మిథీస్‌కు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది: అమ్మ బట్టలకు పెట్టే గంజి చల్లారాక జెల్లీలా గట్టిపడేది. బంగాళదుంప పిండిని కాచి చల్లార్చి, ఆ పలకలో సీరం ఉంచి కరెంటు పారించాడు. ప్రొటీన్లు విద్యుదావేశాన్ని బట్టే కాక సైజును బట్టి కూడా విడిపోయాయి. రంగు వేసి చూస్తే జంపఖానా మీది పట్టీల్లా వరసగా చారలు! పాత పద్ధతిలో నాలుగైదు కనిపించిన చోట ఇప్పుడు పదికి పైగా తేలాయి. ఇది 1955 నాటి మాట. స్మిథీస్‌కు 2007లో నోబెల్ వచ్చింది ఎలుకల జన్యువుల మీద చేసిన పనికి. నన్నడిగితే గంజి పని దానికేమీ తీసిపోదు.

1960 నాటికి ఈ పద్ధతి పందులను చేరింది. ఒకే జాతి పందుల్లో కూడా ట్రాన్స్‌ఫెరిన్ చారలు తేడాగా ఉన్నాయని, ఆ తేడా తల్లిదండ్రులిద్దరి నుంచీ పిల్లకు వస్తుందని తేలింది. డీఎన్ఏ పరీక్షలు రాకముందు, ఫలానా మగపందే తండ్రా కాదా అని తేల్చడానికి ఈ చారలు సాక్ష్యం చెప్పేవి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలోలా దేశవాళీ పందిని లార్జ్ వైట్ యార్క్‌షైర్‌తో కలిపి సంకర రకాలు తీసేవారికి వంశం లెక్క తప్పకూడదు కదా.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అప్పుడే పుట్టిన పందిపిల్ల సీరం. గంజి పలక మీద యాంటీబాడీలు ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీ! మనిషి బిడ్డకు కడుపులోనే తల్లి యాంటీబాడీలు అందుతాయి. పంది మాయలో పొరలు ఎక్కువ, అవి దాటి రాలేవు. అందుకే పిల్లకు దిక్కు ముర్రుపాలే. పుట్టిన తొలి గంటల్లో పేగు ఈ యాంటీబాడీలను అరిగించకుండా, ఉన్నవి ఉన్నట్టే రక్తంలోకి పంపుతుంది. ఆ దారి గంట గంటకూ మూసుకుపోతూ ఒకటి, ఒకటిన్నర రోజుల్లో పూర్తిగా మూతపడుతుంది. పాలలో యాంటీబాడీలు కూడా అప్పటికే పలచబడతాయి. ఈతలో ఆఖరున పుట్టిన బక్కపిల్లను తోబుట్టువులు రొమ్ము దగ్గరికి రానివ్వకపోతే, దాని సీరంలో ఆ చోటు ఖాళీగానే మిగిలిపోతుంది. అలాంటి పిల్ల చిన్న విరేచనాలకే పోతుంది.

తెలంగాణలో తరతరాలుగా పందులు పెంచే ఎరుకల కుటుంబాలకైనా, కొత్తగా షెడ్డు వేసినవారికైనా గంజి పలక అక్కర్లేదు. పిల్ల సీరంలో అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం కలిపితే యాంటీబాడీలు ముద్దకడతాయి. సన్నని గొట్టంలో పోసి గిర్రున తిప్పితే అడుగున చేరిన ముద్ద పొడవే ఆ పిల్లకు ముర్రుపాలు ఏమాత్రం అందాయో చెబుతుంది. పొడవు తక్కువైతే బలమైన పిల్లలను కాసేపు పక్కన పెట్టి, మిగిలిన పిల్లలకు రొమ్ము అందించాలన్నది తర్వాతి ఈతకు తెలుస్తుంది. తల్లికి స్వైన్ ఫీవర్ టీకా వేసి ఉంటే మరో మెలిక: ఆమె ఇచ్చిన యాంటీబాడీలు పిల్ల రక్తంలో కొన్ని వారాలపాటు ఉండి, దానికి తొందరపడి వేసిన టీకాను పనిచేయనివ్వవు.