గేరు తానే మారే బండి – దాని జబ్బు పట్టుకోవడం

ఆటోమేటిక్ గేరుబాక్సు అంటే మెకానిక్కులకే ఒక భయం. ఇంజను విప్పమంటే చకచకా విప్పేవాళ్ళు కూడ దీని దగ్గరికి వచ్చేసరికి “యిది కంపెనీ వాళ్ళే చూడాలండీ” అంటారు, లేదా “మొత్తం బాక్సు మార్చెయ్యాల్సిందే” అంటారు. ఆ రెండో మాట బాగా ఖరీదైనది. నిజానికి ఆ బాక్సులో జరిగేదంతా మనం ఇంటర్‌లో చదువుకున్న ఫిజిక్సే. ద్రవపీడనం, ఘర్షణ, వేడికి వ్యాకోచించడం – యివి అర్థమైతే పాతబండికి పట్టిన జబ్బేమిటో బాక్సు విప్పకుండానే చాలావరకు చెప్పవచ్చు.

మామూలు బండిలో ఇంజనునూ గేర్లనూ కలిపేదీ విడదీసేదీ మన ఎడమకాలు కింది క్లచ్. ఆటోమేటిక్‌లో ఆ పని నూనె చేస్తుంది. రెండు టేబుల్ ఫాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు యిచ్చి చూడండి. దాని గాలికి రెండోది కూడ మెల్లగా తిరుగుతుంది. గాలికి బదులు నూనె, ఫాన్లకు బదులు రెక్కల చక్రాలు పెడితే అదే టార్క్ కన్వర్టర్. రెండు చక్రాల మధ్య స్టేటర్ అనే మూడో చక్రం వుంటుంది. తిరిగి వచ్చే నూనెను అది సరైన దిక్కుకు మళ్ళిస్తుంది కాబట్టి బండి కదిలే క్షణంలో ఇంజను తిప్పుడుబలం యించుమించు రెట్టింపవుతుంది. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఓడల కోసం కనిపెట్టిన ఉపాయమిది. కార్లలోకి ఆటోమేటిక్ గేర్లు విరివిగా వచ్చింది అమెరికాలో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌తో.

కన్వర్టర్ వెనుక వుండేవి గ్రహచక్రాలు. మధ్యలో సూర్యచక్రం, చుట్టూ గ్రహాలు, వాటి బయట పళ్ళున్న పెద్ద కంకణం. వీటిలో దేనిని ఆపి దేనిని తిప్పుతామనే దాన్నిబట్టి గేరు మారుతుంది. యిలాంటి రెండు వరసలకు ఒకే సూర్యచక్రాన్ని పెట్టిన అమరికను సింప్సన్ గేర్‌సెట్ అంటారు. ఆ హొవార్డ్ సింప్సన్ హెన్రీ ఫోర్డ్ దగ్గర ట్రాక్టర్ల రూపకల్పనలో పనిచేసిన మనిషి. రైతు బిడ్డను కాబట్టి ఈ సంగతి నాకు భలే సంతోషమనిపించింది.

ఆ చక్రాలను ఆపడానికీ, వదలడానికీ నూనెలో మునిగి వుండే క్లచ్ ప్లేట్లున్నాయి. వాటిని నొక్కిపట్టేది నూనె పీడనం. మన ట్రాక్టరు వెనక లిఫ్టు నాగలిని ఎత్తడం చూశారుగా, సూత్రం అదే. పీడనం తగ్గితే ప్లేట్ల మధ్య ఘర్షణ తగ్గుతుంది, ప్లేట్లు జారుతాయి, జారితే వేడి, వేడికి నూనె మాడుతుంది, మాడిన నూనె మళ్ళీ ప్లేట్లను తింటుంది. ఆటోమేటిక్ జబ్బుల్లో చాలావాటి కథ యింతే.

యిక మా బాబాయి కారు సంగతి. బాబాయికి ఎడమ మోకాలు వంగదు, క్లచ్ తొక్కలేడు. గుంటూరు మిర్చియార్డుకు పోవాలన్నా, మా చెల్లిని కాలేజీలో దించాలన్నా ఆ కారే ఆయనకు కాళ్ళు. 1990ల నాటి బండి, ముందు చక్రాలు లాగేది, కంప్యూటరు లేని నాలుగు గేర్ల బాక్సు. నిరుడు వేసవి నుంచి, వేడెక్కాక ఎక్సలేటర్ తొక్కితే ఇంజను గోల చేస్తుంది గాని బండి ముందుకు ఉరకదు. పొద్దున్నే ‘డి’లో వేస్తే కాసేపు ఆలోచించుకుంటున్నట్టు ఆగి, అప్పుడు కదులుతుంది. మా దగ్గరి టౌన్లో ఒకతను బాక్సు కిందికి చూసి, ముందు గేరు ప్లేట్లు పోయాయి, మొత్తం మార్చాలన్నాడు. అతను చెప్పిన మొత్తం విని మా పిన్ని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఎకరం మిర్చి మీద మిగిలేదంతా దానికే సరి.

అప్పుడు బండిని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ గారి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన స్పానర్ ముట్టలేదు. ముందు పదిహేను కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నారు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది కనుక చల్లగా వున్నప్పుడు చూసిన మట్టం వేరు, వేడిలో వేరు. చదునైన నేల మీద ఆపి, బ్రేకు తొక్కి, గేరుకర్రను అన్ని స్థానాల్లోనూ ఒక్కొక్క క్షణం వుంచి ‘పి’లోకి తెచ్చి, ఇంజను ఆగకుండానే గేజి తీశారు. ఇంజను ఆపి చూడవలసిన బండ్లు కూడ వున్నాయి, అది బండితో యిచ్చే పుస్తకంలో వుంటుంది. మట్టం గీతకు బాగా దిగువన వుంది. నూనె తక్కువైతే పంపు గాలిని కూడ పీలుస్తుంది. గాలి నొక్కుకుపోతుంది గనుక పీడనం నిలవదు. పొయ్యవలసిన దానికన్నా ఎక్కువ పోసినా ముప్పే, చక్రాలు చిలికి నురగ చేస్తాయి.

తర్వాత గేజి మీది చుక్కను తెల్లగుడ్డ మీద వేశారు. కొత్త నూనె ఎర్రగా వుంటుంది. గోధుమరంగు ముసలితనం. నల్లబడి మాడువాసన వస్తే ప్లేట్లు కాలినట్టు. గులాబిరంగు పాలలాగా వుంటే రేడియేటర్‌లో నూనెను చల్లబరిచే గొట్టం చిల్లుపడి నీళ్ళు కలిశాయన్నమాట, ఆ బండిని యిక ఒక్క ఫర్లాంగు కూడ నడపకూడదు. మాది గోధుమరంగు, మాడువాసన లేదు. బాబాయి మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది.

ఆ పైన చేసిందే నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష. దీన్ని స్టాల్ టెస్టు అంటారు. నాలుగు చక్రాలకూ దిమ్మెలు వేసి, చేతి బ్రేకు లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, ‘డి’లో ఎక్సలేటర్ పూర్తిగా అదిమి ఇంజను ఎన్ని చుట్లకు పోతుందో చూడాలి. అయిదు సెకన్లు దాటకూడదు, దాటితే నూనె మరిగిపోతుంది. బండి ముందుగాని వెనకగాని మనిషి వుండకూడదు. తర్వాత కాసేపు న్యూట్రల్లో చల్లారనిచ్చి రివర్స్‌లో కూడ అంతే. పుస్తకంలో వున్న అంకె కన్నా చుట్లు తక్కువైతే ఇంజనే నీరసంగా వుంది, లేదా స్టేటర్ పట్టు తప్పింది. ‘డి’లో మాత్రమే ఎక్కువైతే ముందు గేరు ప్లేట్లు జారుతున్నాయి. మాది ‘డి’లోనూ రివర్స్‌లోనూ రెండింటిలోనూ ఎక్కువ వచ్చింది. రెండు వేరువేరు క్లచ్‌లు ఒకేసారి ఒకేలా చెడిపోవడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా వుండేది పీడనం. “ప్లేట్లు కాదబ్బాయ్, వాటిని నొక్కేది నీరసంగా వుంది” అన్నారు మేస్త్రీ గారు. టౌన్లో అతను రివర్స్ పరీక్షించి వుంటే ఆ మాట అనేవాడు కాదని నా నమ్మకం.

పీడనం ఎందుకు తగ్గింది? నూనె తక్కువ కావడం ఒక కారణం. ఇరుసు దగ్గరి ఆయిల్ సీలు గట్టిపడి చుక్కచుక్కగా కారుతోంది. రెండోది ఎక్సలేటర్ నుంచి గేరుబాక్సుకు పోయే సన్నటి కేబుల్. ఈ పాత బాక్సుల్లో గేరు మారే క్షణాన్ని నిర్ణయించేది ఒక వాల్వు. దాన్ని తక్కెడ అనుకోండి. ఒక పళ్ళెంలో బండి వేగాన్నిబట్టి పెరిగే పీడనం, రెండో పళ్ళెంలో మనం ఎక్సలేటర్ తొక్కినదాన్నిబట్టి పెరిగే పీడనం. వేగం వైపు బరువెక్కితే పై గేరు పడుతుంది. కేబుల్ వదులైతే రెండో పళ్ళెం తేలిపోతుంది. గేర్లు తొందరపడి మారతాయి, పైగా బండి బరువు మీద వున్నా బాక్సుకు ఆ కబురు అందదు, పీడనం పెంచదు, ప్లేట్లు జారుతాయి. మా బండికి అంతకుముందు కార్బురేటర్ శుభ్రం చేసినవాళ్ళెవరో ఆ కేబుల్‌ను రెండు మూడు గీతలు వదులుగా బిగించి వదిలేశారు.

కింది పళ్ళెం విప్పితే అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద వుంది. అది మామూలు అరుగుదలే. రజను, పెచ్చులు కనిపిస్తే మాత్రం సంగతి వేరు. జల్లెడ మార్చి, సీలు వేసి, కొత్త నూనె పోశారు. పళ్ళెంలోంచి దిగేది సగంలోపే, మిగతాది కన్వర్టర్‌లో వుండిపోతుంది కనుక వారం తర్వాత మళ్ళీ దించి పోశారు. మిషనుతో ఒత్తిడిపెట్టి కడిగించడం పాత బాక్సులకు ఆయన ఒప్పుకోరు. ఈ విషయంలో మెకానిక్కుల్లో రెండు మతాలున్నాయి. నాకు ఆయన మాటే సబబుగా తోచింది.

ఖర్చు మొదట చెప్పినదానిలో పదోవంతు కూడ కాలేదు. జారుడు పోయింది. పొద్దున్నే రివర్స్ మాత్రం యిప్పటికీ కాస్త ఆలస్యంగానే పడుతుంది. రాత్రంతా నిలబడితే కన్వర్టర్‌లోని నూనె కిందికి దిగిపోతుందట. అరనిమిషం ఇంజను తిరగనిచ్చి గేరు వేస్తే సరిపోతోంది.

పల్లెల్లో వున్నవాళ్ళకు యింకొక్క మాట. యిలాంటి బండిని తోసి స్టార్టు చెయ్యడం కుదరదు. బాక్సులో నూనె తిప్పే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది, ఇంజను తిరగనిదే క్లచ్‌లు పట్టవు. అదే కారణాన, రోడ్డు మీద ఆగిపోతే ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కుపోకండి. చక్రాలతోపాటు లోపలి గేర్లు నూనె అందకుండా తిరిగి అరిగిపోతాయి. మా బండిలాంటిదయితే ముందు చక్రాలు రెండూ నేల నుంచి లేపి లాగాలి, లేదా బండినే లారీ ఎక్కించాలి.