బోరింగులో నీళ్లు నిలబెట్టేది కింది వాల్వే
పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ తేడా ఎక్కడ?

నాచారం: బోరింగు చెడిందంటే అందరి చూపూ పైన కనిపించే హ్యాండిల్ మీదికే పోతుంది. అసలు తంటా చాలాసార్లు వంద అడుగుల లోతున, పిడికిట్లో పట్టేంత వాల్వు దగ్గర ఉంటుంది. ఆ వాల్వును పైకి తీయడం ఎంత సులువో, ఆ వాడ ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని పక్క వాడకు నడిచే రోజులు అంత తక్కువ.

ఉప్పల్, నాచారం ప్రాంతమంతా గ్రానైట్ రాతి నేల. ఇక్కడ నీరు రాతి చీలికల్లోనే దొరుకుతుంది. నల్లా నీరు అందని కాలంలో పాత ఊళ్లకూ, కార్ఖానాల చుట్టూ వెలసిన బస్తీలకూ బోరింగే దిక్కుగా ఉండేది. 2004లో కృష్ణా నీరు నగరానికి వచ్చింది. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా మునిసిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. నల్లాలు, మోటార్లు పెరిగిన కొద్దీ చేతి పంపులను పట్టించుకునేవారు తగ్గారు. కరెంటు పోయినప్పుడు, నల్లా రానప్పుడు మాత్రం జనానికి మళ్లీ అవే గుర్తొస్తాయి.

రెండు తలుపుల కథ

ఏ బోరింగులోనైనా నీటిలో మునిగి ఒక సిలిండరు ఉంటుంది. అందులో రెండు వాల్వులు. ఒకటి రాడ్డుతో పాటు పైకీ కిందికీ కదిలే పిస్టన్‌లో ఉంటుంది. రెండోది సిలిండరు అడుగున కదలకుండా ఉంటుంది. హ్యాండిల్ నొక్కితే పిస్టన్ పైకి లేస్తుంది. దానిలోని వాల్వు మూసుకుని పైనున్న నీటిని ఎత్తుతుంది. అదే సమయంలో అడుగు వాల్వు తెరుచుకుని బోరులోని నీటిని సిలిండరులోకి రానిస్తుంది. హ్యాండిల్ వదిలితే పిస్టన్ దిగుతుంది. ఇప్పుడు అడుగు వాల్వు మూసుకుంటుంది, పిస్టన్ వాల్వు తెరుచుకుంటుంది. ఒకటి తెరిస్తే ఒకటి మూయాలి. ఈ వరుస తప్పితే ఎంత కొట్టినా బిందె నిండదు.

తోలు వాషరు కాలం

1966-67లో బీహారులో కరవు వచ్చిన తరువాత యూనిసెఫ్ సాయంతో గట్టి రాతిని తొలిచే రిగ్గులు దేశంలోకి వచ్చాయి. బోర్లు వేగంగా పడ్డాయి గాని వాటిపై బిగించినవి పోత ఇనుప పంపులు. ఒక కుటుంబం వాడుకోవడానికి తగిన ఆ పంపులపై ఊరంతా పడింది. హ్యాండిళ్లు విరిగాయి, పిన్నులు అరిగాయి, సిలిండరులోని తోలు వాషర్లు చిరిగాయి. 1970ల నడుమ యూనిసెఫ్ జరిపిన పరిశీలనలో నాలుగింట మూడు పంపులు పనిచేయడం లేదని తేలింది.

తోలుకు ఒక గుణం ఉంది. తడిగా ఉంటే ఉబ్బి సిలిండరు గోడకు అతుక్కుంటుంది. ఎండితే ముడుచుకుపోతుంది. వేసవిలో నీటిమట్టం సిలిండరు కన్నా దిగువకు పోతే వాషరు ఎండి గట్టిపడుతుంది. పైగా ఒక తోలు ఉన్నట్టు మరొకటి ఉండదు.

మార్క్-2 రాక

మహారాష్ట్రలో షోలాపూర్, జాల్నాలలో మిషనరీ సంస్థలవారు ఉక్కుతో తయారు చేసిన పంపులు దీనికి దారి చూపాయి. వాటి ఆధారంగా భారత ప్రభుత్వం, యూనిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి 'ఇండియా మార్క్-2' పంపును రూపొందించాయి. 1979లో దానికి భారత ప్రమాణం ఏర్పడింది. పైన బాల్ బేరింగులు, గొలుసు. కింద ఇత్తడి గొట్టం తొడిగిన సిలిండరు. పైభాగం గట్టిపడటంతో పంపు చెడటం చాలా తగ్గింది.

అయితే చిక్కంతా వాల్వు మార్చేటప్పుడే. మార్క్-2లో సిలిండరు వెడల్పు 63.5 మిల్లీమీటర్లు, దానిపై బిగించిన పైపు 32 మిల్లీమీటర్లది. పిస్టన్ ఆ పైపులో నుంచి పైకి రాదు. ఒక్క వాషరు మార్చాలన్నా మొత్తం పైపులు ఎత్తాల్సిందే. వంద అడుగుల లోతుకు మూడు మీటర్ల పైపులు పది ఉంటాయి. పైపులు, రాడ్లు, లోపల నిలిచిన నీరు కలిపి దాదాపు 150 కిలోల బరువు. దీనికి నలుగురు మనుషులు, ప్రత్యేక పానాలు, వాటిని తెచ్చే బండి కావాలి. బండి వచ్చేదాకా పంపు మూలన పడినట్టే.

మార్క్-3లో మార్పు

1983 నుంచి తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లాలో జరిపిన పరీక్షల్లో ఈ చిక్కుకు విరుగుడు దొరికింది. పైపు వెడల్పును 65 మిల్లీమీటర్లకు పెంచారు. దాంతో పైపులు ఎత్తకుండానే రాడ్లు లాగి పిస్టన్‌ను, దాని వెంట అడుగు వాల్వును కూడా బయటికి తీయవచ్చు. తోలు స్థానంలో నైట్రైల్ రబ్బరు వాషర్లు వచ్చాయి. అవి ఎండినా ముడుచుకోవు, తోలు కన్నా ఎక్కువ కాలం మన్నుతాయి. తోలుకు బదులు రబ్బరు వేసే మేలు మార్క్-2 పంపులకూ అందింది. 1991లో మార్క్-3కి భారత ప్రమాణం వచ్చింది. ఇద్దరు మనుషులు, కొద్దిపాటి పనిముట్లు ఉంటే ఊళ్లోనే వాల్వు మార్చుకోవచ్చు.

మరి పాతదే ఎందుకు నిలిచింది?

ఇంత సులువైనదైనా మార్క్-3 పాతదాన్ని తోసేయలేదు. 65 మిల్లీమీటర్ల పైపు 32 మిల్లీమీటర్లదానికి రెట్టింపు బరువు. ఇనుము పెరిగితే ధర పెరుగుతుంది. లోతు ఎక్కువైతే దించడమూ కష్టమే, పైపుకే చిల్లు పడితే ఎత్తడం ఇంకా కష్టం. అప్పటికే మార్క్-2లు లక్షల సంఖ్యలో నాటుకున్నాయి. మెకానిక్కుల చేతులు వాటికే అలవాటు పడ్డాయి, దుకాణాల్లో సామానూ వాటిదే. కొనేటప్పుడు మిగిలిన డబ్బు కంటికి కనిపిస్తుంది. పంపు చెడినప్పుడు ఆడవాళ్లు నడిచే దూరం ఏ లెక్కలోనూ చేరదు.

ఏ వాల్వు చెడిందో తెలిసేదెలా?

మెకానిక్కు వచ్చేలోగా ఎవరైనా చూసుకోగల పరీక్ష ఒకటుంది. నీళ్లు బాగా పడే దాకా కొట్టి, ఒక అరగంట పంపును ముట్టకుండా వదలాలి. మళ్లీ కొట్టినప్పుడు రెండు మూడు దెబ్బలకే నీరు వస్తే అడుగు వాల్వు బాగున్నట్టు. చాలాసేపు కొడితే గాని నీరు రాక, వచ్చాక మాత్రం ధార బాగుంటే అడుగు వాల్వు గాని, పైపు అతుకు గాని కారుతున్నట్టు. నీరు వెంటనే వచ్చినా ధార సన్నగా ఉంటే పిస్టన్ వాషరు అరిగి ఉండవచ్చు. హ్యాండిల్ ఉన్నట్టుండి తేలికైపోయి చుక్క కూడా రాకపోతే రాడ్డు తెగిందేమో చూడాలి. బోరులో నీరే దిగిపోతే ఏ వాల్వు మార్చినా లాభం లేదు. అప్పుడు పైపులు, రాడ్లు కలిపి సిలిండరును ఇంకా లోతుకు దించాలి.

బోరింగు మూలపడితే ఇక్కడ సాధారణంగా జరిగేది పంపు ఊడదీసి మోటారు దించడం. మోటారుకు కరెంటు కావాలి, చేతి పంపుకు చేయి చాలు. నీరున్న బోరును ఒక్క వాషరు కోసం వదులుకోవడం తెలివైన పని కాదు. బాగుచేసే ముందు తమ పంపు మార్క్-2నా, మార్క్-3నా అని బస్తీవారు అడిగి తెలుసుకోవాలి. పైపులు ఎత్తాలో, రాడ్లు లాగితే సరిపోతుందో దానిమీదే తేలుతుంది. ఖర్చూ అంతే, ఎదురుచూసే రోజులూ అంతే.