వేడెక్కని డీజిల్ ఇంజను

ఇంజను మరుగుతుంటే కంగారుపడతాం; చల్లగా ఉంటే మంచిదే కదా అనుకుంటాం. బ్రిటన్ చలికాలంలో డీజిల్ కారు నడిపేవారికి ఈ రెండవ అభిప్రాయం ఖరీదైనది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఈ యంత్రంలో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గట్టిగా అదిమిన గాలి వేడిమికే ఇంధనం మండుతుంది. వృథాగా పోయే వేడి తక్కువ కనుక పెట్రోలు ఇంజనుకంటే నిదానంగా వేడెక్కడం దీనికి సహజమే. కాని పదిహేను మైళ్ళు సాగినా ముల్లు 90 డిగ్రీల దరి చేరక, ట్రాఫిక్‌లో పెరిగి మోటార్‌వేపై పడిపోతూంటే థర్మోస్టాట్‌ను అనుమానించాలి.

ఇది మైనంతో పనిచేసే చిన్న కవాటం. చాలా కార్లలో సుమారు 88 డిగ్రీల వద్ద మైనం కరిగి వ్యాకోచించి, కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరుస్తుంది. ఆ దారి మూసుకోకపోతే కూలెంట్ ఆదినుంచీ చల్లారుతూనే ఉంటుంది. ఇంధనం అధికంగా ఖర్చవుతుంది. కొత్త కార్లలో మసి వడపోత తనను తాను శుభ్రపరచుకోలేక పూడిపోవచ్చు. అసలు నష్టం అక్కడే.

రాత్రంతా నిలిపిన కారును స్టార్టు చేసి, ఫ్యానుకూ బెల్టులకూ చేయి తగలకుండా, రేడియేటర్ పైగొట్టాన్ని తాకి చూడండి. కొంతసేపు చల్లగా ఉండి పిమ్మట త్వరగా వేడెక్కితే కవాటం సరిగా ఉన్నట్టే. మొదటినుంచీ నెమ్మదిగా వెచ్చబడుతుంటే అది తెరుచుకుని బిగుసుకుపోయింది. ముల్లు కింద ఉన్నా హీటరు సెగలు కక్కుతుంటే మాత్రం దోషం సెన్సారుది కావచ్చు.

విప్పిన థర్మోస్టాట్‌ను వేణ్ణీళ్ళలో ముంచి పరీక్షించవచ్చు. కూలెంట్ విషం, ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండి.